డాబా వెనక గది

"ఆ సర్దార్జీ డాబాకి నీకేటి పని?" అని బావ అడిగినప్పుడు నేను పెసరట్టు తిరగేస్తున్నాను. అట్లకాడ చేతిలో అలాగే ఆగిపోయింది. అట్టు అంచు మాడింది. మాడినదాన్ని నాకోసం పక్కన పెట్టుకుని, మరొకటి పోసి, దానిమీద ఉల్లిపాయ ముక్కలు చల్లి, అప్పుడు "ఏ డాబా?" అన్నాను. తెలిసే అడిగానని ఆయనకూ తెలుసు. వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో ఫోను తిప్పుతూ నా ముఖంలోకి చూస్తున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో బావ వంటింటి గుమ్మం దగ్గర అంతసేపు నిలబడడం అదే మొదలు.

"పాండు సూసినాడు. ఆదివారం ఆదివారం ఆటో దిగి డాబా ఎనక్కి ఎల్తన్నావంట. ముందుకి కాదు, ఎనక్కి. అక్కడ ఏటుందో మాకూ సెప్తే ఇంటాం గదా."

పాండు అంటే బావ వెనక తిరిగే మనిషి. ఆ మాట అంటున్న సమయానికి హాల్లో కూర్చుని నేను పోసిన అట్టే తింటున్నాడు.

మా ఇల్లు కాశీబుగ్గలో. మా ఆయన తారకేశ్వరరావుకు జీడి వ్యాపారం. ఊరి చివర పిక్కలు కొట్టే షెడ్డు ఒకటి ఉంది. ఈసారి జడ్పీటీసీ టికెట్ తనకే వస్తుందని నమ్మకం. అందుకే తెల్లారేసరికి హాలు నిండా మనుషులు. వాళ్ళకు టీలు, టిఫిన్లు, సెలవు రోజయితే మధ్యాహ్నం భోజనాలు. అవన్నీ చూసుకుని నేను పాసింజరెక్కి సుమ్మాదేవిలో దిగి, అక్కణ్ణించి నడిచి, హైస్కూల్లో హిందీ చెప్పాలి. "నీదేటుంది, హిందీయే గదా. నాలుగు ముక్కలు సెప్పీసి వచ్చీడమే" అంటాడు బావ. బడిలో లెక్కల మాస్టారూ దాదాపు అదే అంటారు, కాస్త శుద్ధమైన భాషలో.

నేను ఆయన్ని బావ అనడానికి కారణం ఆయన నిజంగా నా మేనబావ కావడమే. మా అత్త అప్పలనరసమ్మ మా నాన్నకు సొంత అక్క. పరాయింటికి కాదు కదా, మేనత్తింటికే కదా అని మా అమ్మ నన్ను ఒప్పించింది. మేనత్త వేరు, అత్త వేరు అని పెళ్ళయిన కొద్ది రోజులకే తెలిసింది. ఈ ఇంట్లో మగవాళ్ళు తిన్నాక అత్త తింటుంది, అత్త తిన్నాక నేను. "ఆడది ముందు తినీసి కూకుంటే నలుగురూ నవ్వుతారు" అని వచ్చిన కొత్తలో చెప్పింది. ఆ నలుగురూ ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. మావయ్య పోయాక ఆమె నియమాలు ఇంకా బిగుసుకున్నాయి, ముందు తనమీదే. బావ ముఖ్యమైన పనిమీద బయల్దేరుతుంటే తనంతట తనే పెరట్లోకి తప్పుకునేది. ఒకరోజు మరిచిపోయి ఎదురొచ్చింది. పార్టీ మనుషులు పక్కనే ఉన్నారు. "అమ్మా, కాసేపు లోపలుండరాదా" అన్నాడు బావ, మెల్లిగానే. ఆ రోజు పెరట్లో చింతపండు గింజలు తీస్తూ సాయంత్రం దాకా కూర్చుంది. నేను అన్నం తీసుకెళితే "ఆకలి నేదు" అంది.

డాబా సంగతి బడిలో మొదలైంది. జూన్‌లో బడి తెరిచాక ఏడో తరగతిలో జస్లీన్ అనే పిల్ల చేరింది. తెలుగు ఒక్క ముక్క రాదు. హైవే మీద కొత్తగా పెట్టిన పంజాబీ డాబా వాళ్ళమ్మాయి. పిల్లను తీసుకొచ్చిన తల్లి పేరు హర్జీత్ కౌర్. హెడ్మాస్టారు ధర్మారావుగారికి హిందీ అంతంత మాత్రం కావడంతో నన్ను పిలిచారు. పిల్ల ఇంటిపేరు దగ్గర ఆయనకు చిక్కొచ్చింది. తండ్రి పేరు చివర సింగ్ ఉంది, పిల్లకు కౌర్ ఉంది. తండ్రిదే కదా పెట్టాలి అంటారు ఆయన.

హర్జీత్ ఓపిగ్గా చెప్పింది. "సింగ్ మగవాళ్ళది. మేం కౌర్. పెళ్ళికి ముందూ కౌరే, పెళ్ళయ్యాకా కౌరే. అది నాన్నదీ కాదు, మొగుడిదీ కాదు."

నేను తెలుగులో చెప్పాను. ధర్మారావుగారు నవ్వి ఊరుకున్నారు. నేనూ లోపల నవ్వుకున్నాను. చెప్పుకోడానికి ఎంత బాగుందో, అందరాడవాళ్ళదీ ఒకటే అయితే అది ఇంటిపేరెలా అవుతుంది అనుకున్నాను. కానీ సాయంత్రం పాసింజర్లో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ మాట నన్ను వదల్లేదు. మా నాన్న ఇంటిపేరు నాకు పెళ్ళితో పోయింది. అదే ఇంటిపేరు, అదే ఇంట్లోంచి, అత్తకు కూడా ఒకప్పుడు పెళ్ళితోనే పోయింది. ఒకే ఇంటి నుంచి వచ్చిన ఇద్దరాడవాళ్ళం మరో ఇంటిపేరు కింద ఒకరినొకరం కాపలా కాస్తున్నాం. ఇది నాకు అంతకుముందు ఎప్పుడూ తట్టలేదు.

జస్లీన్‌కు తెలుగు అక్షరాలు నేర్పుతున్నానని తెలిసి హర్జీత్ ఒకరోజు మళ్ళీ వచ్చింది. ఆదివారం పొద్దున డాబా వెనక గదిలో ప్రార్థన చేసుకుంటామని, తరవాత లంగర్ ఉంటుందని, తప్పకుండా రమ్మని పిలిచింది. లంగర్ అంటే ఎవరు వచ్చినా పక్కపక్కన కూర్చుని తినే అన్నం అట. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోరట.

ఆ చివరి మాటకే నాకు అనుమానం పుట్టింది. ఉద్దానంలో పుట్టినదాన్ని. ఊరికే వచ్చేదాన్ని చూసి భయపడడం మాకు అలవాటు. తిత్లీ తుపానప్పుడు మా పుట్టింటి ఊళ్ళో బియ్యం సంచులు పంచడానికి ఎవరెవరో వచ్చారు. సంచి అందుకున్న ఆడవాళ్ళను దాన్ని ఛాతీ దాకా ఎత్తి పట్టుకోమన్నారు, సంచిమీదున్న తమ పేరు ఫోటోలో పడాలని. కిడ్నీల జబ్బుతో మనుషులు రాలిపోతుంటే ఒకరు పసరుతో వచ్చారు, ఒకరు నూనెతో వచ్చారు, ఒకరు ప్రార్థనతో వచ్చారు. కాబట్టి ఈ ఊరికే పెట్టే అన్నం వెనక ఏముందో అనుకున్నాను. చూద్దాం లెండి అని తప్పించుకున్నాను.

వెళ్ళేదాన్ని కాదు. కానీ ఒక ఆదివారం హాల్లో మా బడి గురించే మాట వచ్చింది. కొత్త గదులు ఎక్కడ కట్టాలని ఎవరో అడుగుతున్నారు. టీ ఇస్తూ, ఆ మూలన నీళ్ళు నిలుస్తాయండీ అని నేను అన్నాను. అక్కడ పనిచేసేది నేను. బావ నావైపు చూడకుండా, "నువ్వుండు. మగోల్లు మాటాడుకుంతన్నారు" అన్నాడు. ఎవరో సన్నగా నవ్వారు. నేను టీ పళ్ళెం బల్లమీద పెట్టి, బడి పనుందని అత్తకు చెప్పి, బ్యాగు తీసుకుని వీధిలోకి వచ్చేశాను. ఆటోవాడు ఎక్కడికని అడిగినప్పుడు నా నోటికి వచ్చింది ఆ డాబా పేరే.

గది చిన్నది. చాపలు పరిచి ఉన్నాయి. చెప్పులు విప్పి, కాళ్ళూ చేతులూ కడుక్కుని రమ్మన్నారు. తలమీద కొంగు వేసుకోమన్నారు. ఇక్కడా ముసుగేనా అని నా మనసు వెంటనే ముడుచుకుంది. అంతలో ఒక లారీ డ్రైవరు లోపలికొస్తూ జేబురుమాలు తలకు కట్టుకున్నాడు. మగవాళ్ళూ తల కప్పుకోవాలట. సరే, ఇదొకటి నయం అనుకున్నాను. విగ్రహం లేదు. వాళ్ళు గురువుగా కొలిచే పెద్ద గ్రంథం కూడా అక్కడ లేదు. దాన్ని ఉంచాలంటే ఎంతో మర్యాద పాటించాలని, డాబా వెనక అది కుదరదని, దర్శనం కావాలంటే విశాఖలో గురుద్వారాకు వెళ్ళాలని హర్జీత్ చెప్పింది. ఆమె దగ్గర గుడ్డలో చుట్టిన చిన్న ప్రార్థన పుస్తకం ఉంది. అది తెరిచి తనే చదివింది. ఆమె భర్త బల్విందర్ పక్కన కూర్చుని విన్నాడు. నాకు అక్కడొక మాట, ఇక్కడొక మాట హిందీ మీదుగా అందింది. దేవుడు ఒక్కడేనని, అతనికి భయం లేదని, పగ లేదని ఆ మాటలకు అర్థం. మా ఇంట్లో దేవుళ్ళందరికీ ఏదో ఒకదానికి కోపం వస్తుంది. ముఖ్యంగా ఆడవాళ్ళ వల్ల వస్తుంది. పగలేని దేవుడితో ఇల్లు ఎలా నడుపుతారో నాకు అర్థం కాలేదు.

తరవాత అందరూ వరసగా కూర్చున్నారు. నా పక్కన రత్నాలమ్మ కూర్చుంది. సముద్రం పక్క ఊరి మనిషి. మొగుడికి డయాలసిస్ మొదలయ్యాక పలాస వచ్చేసి, మా షెడ్డులోనే పిక్కలు కొడుతోంది. జీడి జిగురుకు ఆమె వేళ్ళు నల్లబడి చర్మం లేచిపోయి ఉంది. నన్ను చూసి కంగారుగా లేవబోయింది. నేను అంతకన్నా ముందే లేచాను, వడ్డించడానికి. అలవాటు. హర్జీత్ నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. బల్విందర్ రొట్టెల బుట్ట పట్టుకుని వంగి ఒక్కొక్కరి ముందూ ఆగుతున్నాడు. అంత పొడుగు మనిషి నా ముందు నడుం వంచి, రెండు చేతులూ చాపమని సైగ చేసి, రొట్టె అందులో పెట్టాడు. చాపిన చేతులు వెనక్కి తీసుకోవడం మరిచిపోయాను. నాకు ఒక మగవాడు వడ్డించడం అదే మొదలు.

తిన్నంతసేపూ ఫోటో తీసేవాళ్ళ కోసం చూశాను. పుస్తకాలు పంచుతారేమో చూశాను. హుండీ కోసం చూశాను. ఏదీ కనబడకపోయేసరికి అనుమానం తగ్గకపోగా పెరిగింది. ఏమీ అడగనివాళ్ళు చివరికి ఏదో పెద్దదే అడుగుతారు అనుకుంటూ ఇంటికొచ్చాను. మళ్ళీ వారం కూడా వెళ్ళాను, ఏం అడుగుతారో చూద్దామని.

అలా కొన్నాళ్ళు వెళ్ళాక ఒకరోజు బడికి సెలవిస్తే చెప్పకుండా మధ్యాహ్నం పూట వెళ్ళాను. పట్టుకోవాలనే వెళ్ళాను. పట్టుకున్నాను కూడా. బల్విందర్ నులకమంచం మీద నిద్రపోతున్నాడు. హర్జీత్ ఒక్కతే పెరట్లో కూర్చుని కొండంత గిన్నెలు తోముతోంది. నాకు సంతోషం కలిగిందని ఒప్పుకోవాలి. అన్నిచోట్లా ఇంతే అని తేలిపోతే ఇంటికి తిరిగి వెళ్ళడం ఎంత సులువు.

"ఆదివారం రొట్టెలు పంచే ఆయన మిగతా రోజుల్లో నిద్రపోతాడన్నమాట" అన్నాను.

హర్జీత్ తల ఎత్తింది. "పొద్దుటిదాకా పొయ్యి దగ్గర నిలబడ్డాడు, అందుకు పడుకున్నాడు" అంది. ఒక గిన్నె కడిగి బోర్లించింది. "కానీ నువ్వన్నది పూర్తిగా అబద్ధం కాదు. నిద్ర నాకూ వస్తుంది, మంచం మాత్రం ఆయనదే. కూతురు పుట్టిందని మా అత్త నాతో ఏడాదిపాటు మాట్లాడలేదు. ఆవిడ రోజూ ప్రార్థన చదువుతుంది. అమృత్‌సర్‌లో మా బంగారు గుడిలో కీర్తన పాడే చోట ఇప్పటికీ ఆడవాళ్ళను కూర్చోనివ్వరు. అడుగుతూనే ఉన్నాం."

ఆమె చెప్పకపోతే ఇవన్నీ నాకు తెలిసేవి కావు. తన మతాన్ని అమ్ముకోవాలనుకునే మనిషి ఇలా మాట్లాడదు. నేను ఆమె పక్కన కూర్చుని పీచు అందుకున్నాను. "మరెందుకు పట్టుకుని ఉన్నావు?" అని అడిగాను.

"ఆడా మగా ఒకటేనని మా గురువు చెప్పాడు కాబట్టి. వాళ్ళు అలా చెయ్యకపోతే ఆ మాట చూపించి అడుగుతాను. తప్పు వాళ్ళదవుతుంది, నాది కాదు." ఇంకో గిన్నె నావైపు జరిపి, "మీ ఇంట్లో నువ్వు ఏం చూపించి అడుగుతావు?" అంది.

ఆ రోజు ఇంటికొచ్చి అందరికీ వడ్డించి, నా వంతు వచ్చేదాకా గోడకు ఆనుకుని నిలబడి ఆ ప్రశ్నే తిప్పుకున్నాను. మా ఇంట్లో నేను అలిగితే అది ఆడగుణం, అడిగితే అది నోరు. చూపించడానికి ఏమీ లేదు.

తరవాతి ఆదివారం వాళ్ళ అక్షరాలు నేర్పమన్నాను. హిందీ వచ్చినదాన్ని, నాకెంత అనుకున్నాను. కానీ ఆ అక్షరాలు నన్ను మోసం చేశాయి. హిందీలో మ లాగా కనబడేది అక్కడ స. తెలిసినట్టే ఉండి తెలియనివి. జస్లీన్ నా తప్పులకు పగలబడి నవ్వేది. నలభై దాటాక ఒక పిల్ల ముందు కూర్చుని అక్షరాలు కూడబలుక్కోవడంలో ఒక హాయి ఉంది. కానీ దాన్నీ నేను నమ్మలేదు. నేను దేవుడి కోసం వస్తున్నానా, ఎవరో వడ్డించే రొట్టె కోసం వస్తున్నానా? ఈ అనుమానం హర్జీత్‌తోనే చెప్పాను. ఆమె కళ్ళు చికిలించి, "ఆకలి నిజమే కదా. దానితోనే మొదలుపెట్టు" అంది. వాళ్ళ మతంలో చేరే దీక్షగా అమృతం పుచ్చుకోవడం, పేరు మార్చుకోవడం లాంటివాటి మాట ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. అడిగింది నేనే. తొందరేం లేదని, ఏళ్ళు పట్టొచ్చని, అసలు అక్కర్లేకపోవచ్చని చెప్పింది.

అలాంటి సమయంలో బావ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"బడిలో పిల్ల వాళ్ళమ్మ. పిలిస్తే వెళ్తున్నాను" అన్నాను.

"పిలిత్తే ఎల్లిపోడమేనా? లారీ డ్రైవర్లు తిరిగే సోటది. తారకేశ్వరరావు పెళ్ళాం డాబా ఎనక ఏటి సేత్తందని రేపు అవతలోల్లు మైకులో అడుగుతారు. ఏటి సెప్పమంటావు?" గొంతు తగ్గించాడు. "మతం గాని మారుతున్నావేటి? టికెట్టిచ్చే ముందు ఇలాటివన్నీ సూత్తారు. ఫోనియ్యి."

ఇచ్చాను. హర్జీత్ పంపిన అక్షరాల ఫోటోలు చూశాడు. అవేమిటో తెలియక వాటిని పెద్దవి చేసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. అట్టు మీద మూత పెడుతూ నేను ఆయన్ను గమనించాను. బావ నా ఒంటిని అనుమానిస్తున్నాడు. నా మతాన్ని అనుమానిస్తున్నాడు. నాకొక ఆలోచన ఉండొచ్చని మాత్రం అనుమానించడం లేదు. అది ఒక్కటే ఆయనకు తట్టలేదు.

చివరికి ఫోను గట్టుమీద పెట్టి, పెరటి గుమ్మం వైపు కేకేశాడు. "అమ్మా, ఈ ఆదివారం దీంతో పాటు నువ్వూ ఎల్లు. అక్కడేటి జరుగుతందో నీ కళ్ళతో సూసి నాకు సెప్పు."

అత్త తలుపు వెనకే ఉంది. అంతా వింది. "సూత్తాన్లే" అంది.

ఆదివారం ఇద్దరం ఆటో ఎక్కాం. అత్త దారికి రెండు పక్కలా కళ్ళతో వెతుకుతూనే ఉంది. హైవే మీద జీడితోటలు దాటాక, "అక్కడ నానేటీ తినను. ఎవులెవులు ముట్టుకుంతారో" అని ముందే చెప్పింది. చూసినదానికి ఎంత కలుపుతుందో, కొడుక్కు ఏం చెబుతుందో అని నేను దారి పొడవునా లెక్కలు వేసుకున్నాను. ఇంట్లో నేను నవ్విన ప్రతి నవ్వుకూ కారణం అడిగిన మనిషి ఆమె.

గదిలో గుమ్మం దగ్గరే కూర్చుంది, ఎప్పుడైనా లేచిపోవచ్చన్నట్టు. హర్జీత్ చదువుతుంటే గోడలు చూసింది, కప్పు చూసింది, తలకు రుమాళ్ళు కట్టుకున్న డ్రైవర్లను చూసింది. రత్నాలమ్మను చూసి నొసలు ముడిచింది. ప్రార్థన చివర అందరూ లేచి చేతులు జోడించి నిలబడితే తనూ నిలబడింది. గోధుమపిండి, నెయ్యి, పంచదార కలిపి చేసిన ప్రసాదాన్ని గిన్నెలో తెచ్చి ఎప్పుడూ బల్విందర్ పంచుతాడు. ఆ రోజు హర్జీత్ ఆ గిన్నె తీసుకుని నేరుగా అత్త దగ్గరకొచ్చింది.

"అమ్మాజీ, ఇక్కడ అందరికన్నా పెద్ద మీరే. ఈ రోజు మీరు పంచండి."

"ఏటంతాది?" అంది అత్త.

"నిన్ను ప్రసాదం పంచమంటోంది, అత్తా."

అత్త ఒక అడుగు వెనక్కి వేసింది. "నానా? నాను పంచకూడదని సెప్పు. పసుపు కుంకాలు నేనిదాన్నని సెప్పు. ఆ పిల్లకి తెలీదు గావాల."

ఆ వాక్యం హిందీలో చెప్పడానికి నాకు మాటలు కరువు కావు. అయినా ఆగిపోయాను. ఇంట్లో రోజూ వినే మాటే, ఇంకో భాషలోకి తీసుకెళ్ళాల్సి వచ్చేసరికి సిగ్గేసింది. చెప్పాను. హర్జీత్ విని, గిన్నె వెనక్కి తీసుకోకుండానే అంది. "మా నాన్నా లేడు. మా ఊళ్ళో మా అమ్మే పంచుతుంది. చేతులు కడుక్కుంటే చాలు."

అత్త నావైపు తిరిగింది. ఆమె చూపు నాకు బాగా తెలుసు. "ఇది నువ్వు సెప్పి సేయించినావేటి?"

"లేదత్తా. నాకూ ఇప్పుడే తెలిసింది."

ఆమె నమ్మలేదు. నమ్మకుండానే బయటికెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది. గిన్నె తీసుకుంది. మొదటి ముద్ద తీసింది. బల్విందర్ రెండు చేతులూ చాపి, తల వంచి తీసుకున్నాడు. డ్రైవర్లు తీసుకున్నారు. జస్లీన్ ఇంకొంచెం అడిగితే ఇంకొంచెం పెట్టింది. రత్నాలమ్మ ముందుకు వచ్చేసరికి అత్త ఆగింది. రత్నాలమ్మ చాపిన చేతులు వెనక్కి తీసుకోబోయింది. ఆ నల్లటి వేళ్ళు అత్త ఎంతోసేపు చూసినట్టు నాకనిపించింది. తరవాత ముద్ద అందులో పెట్టింది. ఏమీ తిననని చెప్పిన మనిషి, వరసలో రత్నాలమ్మ పక్కన కూర్చుని, బల్విందర్ వడ్డించిన రొట్టె, పప్పు తింది. అందరూ లేచేదాకా లేవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒక్కటే మాట అంది. "పప్పులో ఉప్పు సాల్నేదు." నాకు ఆమె ముఖంలో ఏమీ దొరకలేదు. అక్కడ పంచింది, తింది, అదంతా నిజమే. కానీ కొడుకు ముందు ఎలాంటి మనిషయిపోతుందో ఎన్నోసార్లు చూశాను. మేం ఇల్లు చేరేసరికి హాల్లో నలుగురైదుగురు ఉన్నారు. పాండూ ఉన్నాడు. బావ అందరి ముందూ అడిగాడు, కావాలనే.

"ఏటమ్మా, ఏటుంది అక్కడ?"

"ఏటుంతాదిరా" అంది అత్త, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "భజన. ఆడోల్లందరూ కూకుని భజన సేసుకుంతన్నారు. పాటలు పాడుకుని వచ్చీడమే. మగపురుగు నేదు."

నేను అత్త ముఖంలోకి చూశాను. ఆమె నావైపు చూడలేదు. బావ భుజాలు దిగాయి. పాండు వైపు తిరిగి నవ్వాడు. "భజనంటరా, నువ్వేటో అన్నావు." తరవాత నాతో, "భజనయితే ఎల్లు. నానేటి వద్దన్నానా? ఎలక్షన్లయ్యేదాకా నలుగురి కళ్ళల్లో పడకండి, అంతే" అన్నాడు.

అంతే. అనుమతి దొరికింది. నేను చెయ్యాల్సిందల్లా లోపలికెళ్ళి బియ్యం కడగడమే. ప్రతి ఆదివారం భజనకని చెప్పి వెళ్ళొచ్చు. ఇన్నేళ్ళూ నేను బతికింది అలాంటి అనుమతుల్లోనే. పుట్టింటికి వెళ్ళాలంటే అమ్మకు ఒంట్లో బాగోలేదని, స్నేహితురాలిని చూడాలంటే బడి పనని, ఏడవాలంటే ఉల్లిపాయలని ఏదో ఒక పేరు పెట్టాను. ప్రతి నిజానికీ ఒక చిన్న అబద్ధం తొడిగి వీధిలోకి పంపాను. దీనికీ తొడగొచ్చు. కానీ భయం లేదు, పగ లేదు అనే మాటలు కూడబలుక్కుని నేర్చుకుంటున్నాను. వాటిని భయపడుతూ, దాక్కుని నేర్చుకోవడం ఎలాగో నాకు తెలియలేదు. అవి నిజమో కాదో కూడా నాకింకా తెలీదు. తెలుసుకోవాలంటే నేను అక్కడికి నా పేరుమీద వెళ్ళాలి.

"భజన కాదు బావా" అన్నాను.

హాలంతా నావైపు తిరిగింది.

"అక్కడ మగవాళ్ళూ ఉంటారు. వాళ్ళే వడ్డిస్తారు. నేను సిక్కుల మతం ఏమిటో నేర్చుకుంటున్నాను. వాళ్ళ లిపి చదవడం నేర్చుకుంటున్నాను. నచ్చితే ఆ దారిలో ఉంటాను, నచ్చకపోతే మానేస్తాను. ఏదైనా నేనే చెప్తాను. పాండు చెప్పక్కర్లేదు."

గొంతు పెంచలేదు. బావ ముఖం నల్లబడింది. ఏదో అనబోయి, మనుషులున్నారని ఆగి, "లోపలికెల్లు. తరవాత మాటాడదాం" అన్నాడు. మనుషులు ఒక్కొక్కరే పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయారు. బావ కూడా బండి తీసుకుని బయటికి వెళ్ళాడు. ఆ తరవాత చాలా రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. టికెట్ వేరే ఆయనకు వచ్చినప్పుడు అది నా వల్లేనన్నాడు. ఇప్పటికీ అదే అంటాడు.

కానీ ఆ పూట నేను వంటింట్లోకి వచ్చేసరికి అత్త కోపంతో కాచుకుని ఉంది. నా రెక్క పట్టుకుంది.

"నాను అబద్దమాడి అంతా సర్దీసినాను గదా. నీకెందుకే నోరు? ఎందుకాడినావు ఆ మాటలు?"

"నిజం చెప్పాను. నా కోసం నువ్వు అబద్ధం ఆడక్కర్లేదు, అత్తా."

"నీ కోసం ఎవులాడినారు?" రెక్క వదిలేసింది. పొయ్యి వైపు తిరిగి, నాకు వీపు పెట్టి నిలబడింది. ఎప్పుడూ వినని గొంతుతో అంది. "నాకు మల్లా ఎల్లాలనుంది. నువ్వు నిజం సెప్పీసినావు. ఇప్పుడు ఆడు నన్నెలగ పంపుతాడు?"

ఈమెను ఇన్నేళ్ళూ ఎన్నిటికో అనుమానించాను. దీనికి మాత్రం ఎప్పుడూ అనుమానించలేదు.

"పంపడమేటత్తా" అన్నాను. "వచ్చే ఆదివారం ఎనిమిదింటికి ఆటో చెప్తాను. రడీగా ఉండు."